ఆ ఒక్క గడి నింపే ముందు..

మానసిక చికిత్స కేంద్రాల్లో కేసు షీట్లు కాగితాల మీద నుంచి కంప్యూటర్లలోకి మారుతున్నాయి. పేరు, వయసు, ఫోన్ నంబరు, అపాయింట్‌మెంట్, బిల్లు... తెర మీద గడులు బోలెడు. వాటిలో ‘డయాగ్నోసిస్’ అనే గడి నింపడం రెండు సెకన్ల పని. అది తప్పయితే ఒక మనిషిని ఏళ్ల తరబడి వెంటాడుతుంది. మెడికల్ కోడింగ్, హెల్త్ రికార్డ్స్, కౌన్సెలింగ్, సైకాలజీ... మీరు ఏ దారి ఎంచుకున్నా ఆ గడి ముందు ఒకరోజు కూర్చోక తప్పదు. అందులో ఏం రాయాలి? ఎవరు రాయాలి? ఏది రాయకూడదు?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో లైఫ్ సైన్సెస్ డిగ్రీ, బీఫార్మసీ, ఫిజియోథెరపీ పూర్తిచేసినవాళ్లు మొదటి ఉద్యోగం అనగానే మెడికల్ కోడింగ్ వైపు చూడటం మామూలే. చెన్నై దగ్గరే. బెంగళూరు, హైదరాబాద్ ఒక రాత్రి ప్రయాణం. స్థానికంగానూ రుయా, స్విమ్స్, చిత్తూరు జిల్లా ఆసుపత్రి, మురకంబట్టు అపోలో వైద్య కళాశాల, కుప్పం పీఈఎస్ వంటి పెద్ద సంస్థలున్నాయి. కంప్యూటర్‌కూ పల్లె వైద్యానికీ ముడిపడటం ఈ నేలకు కొత్త కాదు. అపోలో వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు అరగొండలో ఉపగ్రహ సంబంధంతో టెలిమెడిసిన్ మొదలైంది 2000లోనే. ఆ ఏడాది మార్చిలో హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దాన్ని ప్రారంభించారు.

అప్పట్లో ప్రశ్న ‘దూరంగా ఉన్న డాక్టరు రోగిని చూడగలరా?’ అని. ఇప్పటి ప్రశ్న వేరు. ‘రోగి గురించి రాసిన మాట ఎంత దూరం వెళ్తుంది?’

ముగ్గురు మనుషులు, మూడు పనులు

థెరపీ కేంద్రాలు వాడే సాఫ్ట్‌వేర్‌ను ప్రాక్టీస్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అంటారు. అమెరికాలో సింపుల్‌ప్రాక్టీస్, థెరపీనోట్స్ లాంటివి అందరికీ తెలిసిన పేర్లు. మన దేశంలో క్లినిక్‌లు ప్రాక్టో రే వంటివి వాడతాయి. పేరేదైనా దాని ముందు కూర్చునేవాళ్లు ప్రధానంగా ముగ్గురు.

మొదటివారు ఫ్రంట్ ఆఫీసు లేదా రికార్డ్స్ ఉద్యోగి. క్లయింట్ వివరాలు, రావడానికి కారణం, అపాయింట్‌మెంట్, రుసుము నమోదు చేస్తారు. రెండోవారు చికిత్సకులు... సైకియాట్రిస్టు లేదా క్లినికల్ సైకాలజిస్టు. సమస్య ఏమిటో నిర్ధారించాల్సింది వీళ్లే. మూడోవారు కోడర్. చికిత్సకులు రాసినదాన్ని కోడ్‌గా మార్చి, బిల్లుకూ బీమాకూ పనికొచ్చేలా చేస్తారు.

చాలా తప్పులు ఈ ముగ్గురి మధ్య గీత చెరిగిపోయినప్పుడే జరుగుతాయి. రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్లు జబ్బు పేరు రాసేస్తారు. చికిత్సకులు గడి ఖాళీగా వదిలేసి ‘నువ్వే ఏదో ఒకటి పెట్టెయ్’ అంటారు. కోడర్ రోజువారీ టార్గెట్ కోసం దగ్గరగా కనిపించిన కోడ్ తగిలిస్తారు. ఇంటర్వ్యూలో ‘మీ పని ఎక్కడ ఆగుతుంది?’ అనే ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే మీకు సగం పని తెలిసినట్టే.

ఐసీడీ అంటే ఏమిటి?

జబ్బుల పేర్లకు ప్రపంచమంతటా ఒకే లెక్క ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహించే జాబితా ఐసీడీ. దీని మూలాలు 1893 నాటి మరణ కారణాల జాబితాలో ఉన్నాయి. మానసిక రుగ్మతలకు ఇందులో చోటు దక్కింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన ఆరో కూర్పులో. పదో కూర్పును 1990లో ఆమోదించారు. పదకొండోది 2019లో ఆమోదం పొంది, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆసుపత్రులు ఒక్కసారిగా మారవు కాబట్టి ఉద్యోగంలో మీకు రెండూ తగులుతాయి.

ఐసీడీ-10లో మానసిక సమస్యలన్నీ ‘ఎఫ్’ అక్షరంతో మొదలవుతాయి. ఎఫ్32 అంటే డిప్రెసివ్ ఎపిసోడ్. చుక్క తర్వాత అంకె తీవ్రతను చెబుతుంది... 0 స్వల్పం, 1 మధ్యస్థం, 2 తీవ్రం. ఎఫ్41.1 దీర్ఘకాలిక ఆందోళన. ఎఫ్43.2 అంటే జీవితంలో వచ్చిన ఒక మార్పుకూ దెబ్బకూ సర్దుకోలేకపోవడం వల్ల కలిగే ఇబ్బంది. ఐసీడీ-11లో ఇవే 6ఎ70, 6బి00, 6బి43 అయ్యాయి.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పుస్తకం డీఎస్ఎం-5 కూడా వినబడుతుంది. అది 2013లో వచ్చింది, 2022లో సవరించారు. ఏ లక్షణాలు ఎన్నాళ్లుంటే ఏ పేరు పెట్టాలో అది వివరంగా చెబుతుంది. బిల్లు మీద పడేది మాత్రం ఐసీడీ కోడే.

ఇక్కడే కొత్తవాళ్లు జారిపడే చోటు ఒకటుంది. అమెరికా 2015 అక్టోబరు 1 నుంచి తనకోసం మార్చుకున్న ఐసీడీ-10-సీఎంను వాడుతోంది. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ ఎఫ్43.22ను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూర్పులో చూస్తే ఆందోళన, దిగులు కలిసిన ప్రతిస్పందన. అమెరికా కూర్పులో అదే అంకెకు అర్థం ఆందోళన మాత్రమే. రెండూ కలిస్తే అక్కడ ఎఫ్43.23. చెన్నైలో అమెరికా ప్రాజెక్టు చేసి వచ్చి మన ఆసుపత్రిలో చేరినా, ఇక్కడ నేర్చుకుని అక్కడికెళ్లినా ‘ఏ కూర్పు?’ అన్నది మీ మొదటి ప్రశ్న కావాలి.

మాట వేరు.. జబ్బు వేరు

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంజినీరింగ్ మూడో ఏడాది విద్యార్థి క్లినిక్‌కు వచ్చాడనుకోండి. ‘రాత్రిళ్లు నిద్ర పట్టల్యా సార్. పొద్దున లేస్తానే గుండెల్లో ఒగటే దడ. క్లాసుకు పోబుద్ధి కాలా’ అన్నాడు. రెండు నెలల కిందట మూడు సబ్జెక్టులు తప్పాడు. రిసెప్షన్‌లో మీరున్నారు. ఏం రాస్తారు?

‘డిప్రెషన్’ అని రాస్తే పని తేలిగ్గా అయిపోతుంది. కానీ అతను ఆ మాట అనలేదు. ‘వచ్చిన కారణం’ అనే గడిలో అతని మాటలే రాయాలి... నిద్ర పట్టడం లేదు, గుండెదడ, కాలేజీకి వెళ్లాలనిపించడం లేదు. చిత్తూరు జిల్లాలో తెలుగు, తమిళం కలిపి మాట్లాడేవాళ్లుంటారు. కుప్పం వైపు కన్నడం కూడా కలుస్తుంది. దిగులు, గుబులు, గాలి సోకింది, మనసు బాలేదు... ఒక్కోదాని వెనక ఒక్కో బాధ. వాటన్నిటినీ ఒకే ఇంగ్లిష్ పదంలోకి కుక్కేస్తే చికిత్సకులకు అందాల్సిన ఆనవాలు పోతుంది.

మొదటి సెషన్ అయింది. చికిత్సకులకు కొన్ని అనుమానాలున్నాయి. సర్దుబాటు సమస్య కావచ్చు, ఆందోళన రుగ్మత కావచ్చు. థైరాయిడ్ ఎక్కువైనా గుండెదడ వస్తుంది కాబట్టి రక్తపరీక్ష రాశారు. నోట్స్‌లో ‘ఆందోళన రుగ్మత అయ్యుండొచ్చు’ అని ఉంది. ఇప్పుడు కోడర్ ఎఫ్41.1 పెట్టవచ్చా?

పెట్టకూడదు. ఔట్‌పేషెంట్ విషయంలో అమెరికా కోడింగ్ మార్గదర్శకాలు ఈ సంగతి తేటగా చెబుతాయి. ‘అనుమానం’, ‘అయ్యుండొచ్చు’, ‘కాదని తేల్చుకోవాలి’ అని రాసినవాటిని జబ్బుగా కోడ్ చేయరాదు. తేలేదాకా లక్షణాలకే కోడ్ ఇవ్వాలి. గుండెదడకు ఆర్00.2 ఉంది. నిద్రలేమికీ విడిగా కోడ్ ఉంది. అనుమానాన్ని నిర్ధారణగా మార్చే అధికారం కోడర్‌కు లేదు.

పరీక్షలో థైరాయిడ్ బాగానే ఉందని తేలింది. మూడో సెషన్ తర్వాత చికిత్సకులు సర్దుబాటు సమస్య అని నిర్ధారించారు. అప్పుడు ఎఫ్43.2 వస్తుంది. నెల తర్వాత ఇబ్బంది ముదిరి, సైకియాట్రిస్టు పరీక్షించి మధ్యస్థ స్థాయి డిప్రెసివ్ ఎపిసోడ్ అని రాశారనుకుందాం. అప్పుడు ఎఫ్32.1. ఒక్క మనిషి, మూడు నెలలు, మూడు రకాల నమోదులు. మొదటి రోజు రాసిన ‘డిప్రెషన్’ చివరికి నిజమైంది కదా అనిపించవచ్చు. ఆ రోజుకు అది ఎవరూ నిర్ధారించని మాట. రక్తపరీక్ష మరోలా వచ్చి ఉంటే ఆ కుర్రాడు లేని జబ్బును మోసేవాడు.

తెర మీద ఏం జరుగుతుంది?

మంచి సాఫ్ట్‌వేర్‌లో డయాగ్నోసిస్ పక్కన తేదీ ఉంటుంది. కోడ్ మారినప్పుడు పాతదాని మీద కొత్తది రాయకూడదు. పాతదానికి ముగింపు తేదీ ఇచ్చి, కొత్తదాన్ని కొత్త తేదీతో మొదలుపెట్టాలి. ఎందుకంటే జరిగిపోయిన సెషన్ బిల్లు మీద ఆనాటి నిర్ధారణే ఉండాలి. జనవరి సెషన్‌కు మార్చి కోడ్ తగిలిస్తే రికార్డు, బిల్లు ఒకదానికొకటి పొసగవు.

ఒకటి కంటే ఎక్కువ సమస్యలుంటే వరస ముఖ్యం. ఆ రోజు చికిత్స ప్రధానంగా దేనికి జరిగిందో అది ముందుండాలి. అమెరికా ప్రామాణిక క్లెయిమ్ పత్రం సీఎంఎస్-1500లో 12 డయాగ్నోసిస్ కోడ్‌ల దాకా రాయొచ్చు. కానీ ఒక్కో సేవకు వాటిలో నాలుగింటినే ముడిపెట్టగలం. 60 నిమిషాల సైకోథెరపీకి కోడ్ 90837. దాన్ని ఏ డయాగ్నోసిస్‌కు ముడిపెట్టారన్నది బీమా సంస్థ చూస్తుంది. బిల్లు పాస్ కావాలని ఉన్నదానికంటే తీవ్రమైన కోడ్ పెట్టడం తెలివితేటలు కాదు, అక్కడ అది మోసం కింద లెక్క.

సంతకం చేసిన నోట్స్‌కు తాళం పడుతుంది. తప్పు దొరికితే చెరపకుండా, సవరణను విడిగా తేదీతో జోడించాలి. ఎవరు, ఎప్పుడు, ఏ రికార్డు తెరిచారో కూడా సాఫ్ట్‌వేర్ రాసుకుంటూనే ఉంటుంది. ‘ఊరికే చూశాను’ అన్నా అది నమోదవుతుంది.

ఇంకో సంగతి. ప్రతి క్లయింట్‌కూ జబ్బు ఉండాలనేం లేదు. భార్యాభర్తల మధ్య గొడవలు, చదువులో ఇబ్బంది, ఉద్యోగం పోవడం... వీటికి ఐసీడీ-10లో జెడ్ అక్షరంతో కోడ్‌లున్నాయి. చదువుకు జెడ్55, ఉద్యోగానికి జెడ్56. ఇవి రుగ్మతలు కావు, పరిస్థితులు. పని ఒత్తిడితో అలసిపోయినవాళ్ల బర్న్ఔట్‌ను కూడా ఐసీడీ-11 రుగ్మతగా లెక్కగట్టలేదు. గడి ఖాళీగా ఉందని ఏదో ఒక ‘ఎఫ్’ కోడ్ వెతకడం మన పని కాదు.

సెషన్‌లో చెప్పుకున్నవన్నీ ఒకే చోట ఉండకూడదు. అమెరికా హిపా నిబంధనలు థెరపిస్టు తన కోసం విడిగా రాసుకునే సైకోథెరపీ నోట్స్‌కు ప్రత్యేక రక్షణ ఇస్తాయి. అయితే డయాగ్నోసిస్, మందులు, సెషన్ సమయాలు, చికిత్స ప్రణాళిక ఆ రక్షణలోకి రావు. అంటే అన్నిటికంటే ఎక్కువమంది కళ్లబడేది మీరు నింపే గడే.

చుట్టరికాల ఊళ్లో గోప్యత

చిత్తూరులోనో, పీలేరులోనో, పుత్తూరులోనో పేరు, ఊరు చెబితే చాలు... ‘వాళ్లబ్బాయేనా?’ అని మూడో మాటకే చుట్టరికం తేలుతుంది. పెళ్లి సంబంధాలు, ఉద్యోగాలు, పరువు అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ‘నలుగురికీ తెలుస్తుంది’ అన్న భయంతో గడప తొక్కనివాళ్లు వీళ్లలో ఎంతోమంది. ఒక క్లినిక్ నుంచి ఒక్క స్క్రీన్‌షాట్ బయటికి వస్తే ఆ ఊళ్లో మరో పదిమంది ఆగిపోతారు.

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ఈ విషయంలో గట్టిగానే ఉంది. ఇంటర్వ్యూ కోసమైనా ఈ సెక్షన్లు చదివి పెట్టుకోండి.

సెక్షన్ 3: మానసిక రుగ్మతను ఐసీడీ లాంటి గుర్తింపు పొందిన వైద్య ప్రమాణాల ప్రకారమే నిర్ధారించాలి. కులం, మతం, రాజకీయ అభిప్రాయం, సమాజం కట్టుబాట్లకు భిన్నంగా ఉండటం... ఇవేవీ ఆధారం కావు. చికిత్స కోసమో, చట్టం చెప్పిన అవసరం కోసమో తప్ప ఎవరినీ మానసిక రోగిగా వర్గీకరించరాదు. గతంలో చికిత్స తీసుకున్నారన్న ఒక్క కారణంతో ఇప్పుడూ జబ్బుందని తేల్చరాదు. అంటే పాత రికార్డులోని కోడ్‌ను కొత్త విజిట్‌కు గుడ్డిగా కాపీ చేయడం చట్టం స్ఫూర్తికే విరుద్ధం.

సెక్షన్ 21: శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక రుగ్మతలకూ ఆరోగ్య బీమా ఇవ్వాలి. దీన్ని పాటించాలని ఐఆర్‌డీఏఐ 2018 ఆగస్టులో బీమా సంస్థలకు చెప్పింది. కోడ్ సరిగ్గా ఉండటం రోగికి డబ్బుతో ముడిపడిన విషయమైంది ఇందుకే.

సెక్షన్ 23: మానసిక ఆరోగ్యం, చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకోవడం రోగి హక్కు. నామినేటెడ్ ప్రతినిధి, చికిత్సలో పాలుపంచుకునే ఇతర నిపుణులు, ప్రాణాపాయం, కోర్టు ఆదేశం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ‘పెళ్లికూతురి మేనమామను, ఒక్కసారి చెప్పమ్మా’ అని ఫోన్ చేసేవారు ఆ జాబితాలో లేరు.

సెక్షన్ 25: తన వైద్య రికార్డులు చూసే హక్కు రోగికి ఉంది. కాబట్టి ప్రతి వాక్యం ఆ మనిషి చదువుతాడనుకునే రాయండి.

వీటికి తోడు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. సమాచార భద్రత చర్యలు తీసుకోకపోతే సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా విధించే నిబంధన అందులో ఉంది. పాస్‌వర్డ్ పక్కసీటువాళ్లకు ఇవ్వడం, సందేహం తీర్చుకోవడానికి తెర ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం, అపాయింట్‌మెంట్ ఎస్ఎంఎస్‌లో సమస్య పేరు పెట్టడం... చిన్నవిగా కనిపించే ఈ అలవాట్లే ఉద్యోగం మీదికి తెస్తాయి.

దారులేమిటి?

కోడింగ్: ఎక్కువ గుర్తింపున్న పరీక్షల్లో ఒకటి అమెరికాకు చెందిన ఏఏపీసీ నిర్వహించే సీపీసీ. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. అనుమతించిన కోడ్ పుస్తకాలు చూసి రాయొచ్చు. అంటే బట్టీ కాదు, వెతికి సరైనది పట్టుకునే నేర్పుకే మార్కులు. అనుభవం లేనివాళ్లకు మొదట సీపీసీ-ఏ అని అప్రెంటిస్ హోదా ఇస్తారు. అహిమా సంస్థ సీసీఎస్ పరీక్ష ఇంకో దారి. ‘ఫీజు కట్టండి, ఉద్యోగం ఖాయం’ అనే శిక్షణ కేంద్రాల దగ్గర ఒక్క క్షణం ఆగండి. వాళ్లిచ్చే కోర్సు సర్టిఫికెట్, ఈ పరీక్షల సర్టిఫికేషన్ ఒకటి కావు.

హెల్త్ రికార్డ్స్: అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టం-2021 హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్‌ను ప్రత్యేక వృత్తి విభాగంగా గుర్తించింది. 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రతి పౌరుడికీ 14 అంకెల ఆభా నంబరుతో రికార్డులను కలిపే పనిలో ఉంది. రికార్డు శుభ్రంగా రాయగలవాళ్ల అవసరం పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

సైకాలజీ: ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ విభాగం ఉంది. అయితే ఎంఏ, ఎంఎస్సీ సైకాలజీ ఒక్కటే మిమ్మల్ని క్లినికల్ సైకాలజిస్టును చేయదు. ఆర్‌సీఐ గుర్తించిన క్లినికల్ కోర్సు పూర్తిచేసి, వారి రిజిస్టరులో పేరు నమోదు కావాలి. 2022 యూజీసీ నిబంధనలతో ఎంఫిల్ డిగ్రీ వెనక్కి వెళ్లడంతో ఈ కోర్సుల రూపు మారుతోంది. చేరే ముందు ఆ సంస్థకు, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి గుర్తింపు ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. సోషల్ వర్క్ పీజీ చేసినవాళ్లకు సైకియాట్రిక్ సోషల్ వర్క్ మరో మార్గం. వీటికి బెంగళూరు నిమ్హాన్స్ మనకు అందుబాటు దూరంలోనే ఉంది.

ఇంటర్వ్యూకు వెళ్లేలోగా

* ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10, ఐసీడీ-11 బ్రౌజర్లు ఆన్‌లైన్‌లో ఉచితం. రోజుకు రెండు కోడ్‌లు తీసుకుని వాటి కింద రాసిన వివరణ, ‘ఇవి ఇందులోకి రావు’ అన్న జాబితా చదవండి.

* ఎఫ్32కూ ఎఫ్43.2కూ తేడా మీ మాటల్లో చెప్పడం అలవాటు చేసుకోండి. మీకే స్పష్టత లేకపోతే ఎదుటివారికి దొరికిపోతారు.

* ‘డాక్టరు డయాగ్నోసిస్ రాయలేదు, క్లెయిమ్‌కు ఈ రోజే ఆఖరు. ఏం చేస్తారు?’ అని అడగవచ్చు. ‘డాక్టరుకు రాతపూర్వకంగా క్వెరీ పంపుతాను, ఊహించి నింపను’ అన్నదే సరైన జవాబు.

* మీరూ వాళ్లను అడగండి. రికార్డు చూసే అనుమతులు ఉద్యోగాన్ని బట్టి విడివిడిగా ఉన్నాయా? కోడ్ మార్చితే పాతది నిలుస్తుందా? క్వెరీ పంపే పద్ధతి ఉందా? ఈ మూడింటికీ నీళ్లు నమిలే సంస్థలో తప్పు జరిగిన రోజు వేలు కొత్తవాళ్ల వైపే చూపుతుంది.

* రోజంతా ఇతరుల బాధలు చదివే పని ఇది. మీ మనసుకే బరువనిపిస్తే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తున్న ఉచిత సేవ ఇది, తెలుగులోనూ మాట్లాడతారు.

జీతం, షిఫ్టు, ఊరు... ఇవన్నీ ఆఫర్ లెటర్‌లో ఉంటాయి. అందులో రాయనిది ఒకటుంది. కోడ్ ఎవరో నిర్ధారిస్తారు, బిల్లు ఎవరో కడతారు. కానీ తెలియనిచోట ‘తెలియదు’ అని వదిలి, తేలినచోట తేలినంతే రాసే నిజాయితీ మాత్రం కీబోర్డు ముందున్న మీదే. ఆ గడి అవతల ఉన్నది మీ క్లాస్‌మేట్ కావచ్చు, మీ ఇంటి మనిషే కావచ్చు.